టేపు మీద అయిదో గీత

కదిరి బస్టాండు వెనక సందులో ‘సరళ వీడియో మిక్సింగ్’ అని బోర్డు ఉన్న రోజుల్లో, ఆ చుట్టుపక్కల ఏ పెళ్లికైనా చచ్చిపోయినవాళ్లను రప్పించగలవాడు తిప్పేస్వామి ఒక్కడే. మంత్రమూ కాదు, మాయా కాదు, కంప్యూటర్ పని. పెళ్లికొడుకు నాయన పోయి రెండేళ్లయిందనుకోండి. ఆయన పాత ఫోటో ఒకటో, ఎప్పటిదో వీడియో ముక్క ఒకటో తెచ్చిస్తే చాలు. తిప్పేస్వామి ఆ మనిషిని చుట్టూ కత్తిరించి తీసి, తాళి కట్టే సీను మీద ఒక పొరగా పరిచేవాడు. పెద్దాయన పెళ్లిపందిట్లోనే ఓ పక్కన నిలబడి కొడుకును చూసి నవ్వుతున్నట్టు ఉండేది. కోసిన అంచులు కనబడకూడదని చుట్టూ కాస్త తెల్లటి వెలుగు పూసేవాడు. సీడీ వేసుకుని చూసిన ఆడవాళ్లు టీవీ ముందే కూలబడి ఏడ్చేవాళ్లు. వాళ్లు ఏడ్చినకొద్దీ తిప్పేస్వామి పేరు పెరిగేది.

ఆ పనితనమే బతికున్న మనిషిని ఒకణ్ణి నిలువునా ముంచింది. దాని గురించి కదిరిలో ఎవరినడిగినా, ‘పాపం, మంచికే చేసినాడు’ అంటారు. మంచికే చేశాడు, నిజమే. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

తిప్పేస్వామిది ముదిగుబ్బ దగ్గర పల్లె. వాళ్ల నాయన గొర్రెలు కాచేవాడు. వరుసగా మూడేళ్లు వానలు మొహం చాటేసి, మేత వెదుక్కుంటూ మందను ఎక్కడెక్కడికో తోలుకుపోవాల్సి వచ్చిన ఏడు, తిప్పేస్వామి గొర్రెల వెనక పోకుండా బెంగళూరు బస్సెక్కాడు. అక్కడ ఒక పెళ్లి వీడియోల స్టూడియోలో చేరి, మొదట లైటు పట్టుకుని, తర్వాత కెమెరా పట్టుకుని, చివరికి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ స్టూడియో యజమాని కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే ముసలాయన. పని నేర్చుకుని సొంతూరికి పోతానన్నప్పుడు ఆయన తిప్పేస్వామికి ఒకటే మాట చెప్పి పంపించాడు.

“ఎంపెగ్ అనేది చూసేదానికప్పా, కోసేదానికి కాదు. కోసేటప్పుడు ఒరిజినల్ దగ్గర పెట్టుకోవల్ల. చెనిక్కాయలు గానుగాడినాక మిగిలిన చెక్కను తీసకపోయి చేన్లో విత్తుతావా?”

తిప్పేస్వామి తలూపాడు. చేతిలో ఉన్నంతసేపు గురువు మాట బరువుగానే ఉంటుంది. సొంతంగా కొట్టు పెట్టి, నలభై జీబీల హార్డ్ డిస్కు ఒకటి పెట్టుకున్నాక ఆ బరువు తగ్గిపోయింది.

సంగతేమిటంటే, కెమెరా టేపు మీద సెకనుకు ఇరవై అయిదు బొమ్మలుంటాయి. ఏ బొమ్మకా బొమ్మ దేని మీదా ఆధారపడకుండా నిలబడుతుంది. అట్లాంటి టేపును ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకి దించితే గంటకు పదమూడు జీబీలు మింగేస్తుంది. పెళ్లంటే నాలుగు గంటల టేపు. డిస్కులో పట్టదు. అదే ఎంపెగ్‌గా కుదించి దించితే గంట మొత్తం ఒక్క సీడీలో ఒదిగిపోతుంది. ఎట్లా ఒదుగుతుందంటే, పదిహేను బొమ్మలకు ఒక్కటి పూర్తిగా దాచుకుని, మిగిలిన పద్నాలుగింటికీ ‘ముందుదే, ఇక్కడ ఇంత మారింది’ అని గుర్తు మాత్రం రాసుకుంటుంది. మనుషులు కుదురుగా కూర్చున్నంతసేపూ ఈ మోసం ఎవరికీ తెలియదు. కదలిక ఎక్కువైతే రాసుకోవడానికి చోటు చాలదు. అప్పుడు బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది.

తిప్పేస్వామి టేపును నేరుగా ఎంపెగ్‌గానే దించేవాడు. దాన్నే కోసి, పాటలు కలిపి, పూలవానలు కలిపి, సీడీ కోసం మళ్లీ ఎంపెగ్ చేసేవాడు. ఒకసారి గానుగాడినదాన్నే రెండోసారి గానుగలో వెయ్యడమన్నమాట. జిల్లాలో చాలామంది అట్లాగే చేసేవాళ్లు. పెళ్లివాళ్లకు కావాల్సింది నగలూ, చీరలూ, భోజనాల దగ్గర ఎవరెవరు కూర్చున్నారన్నదీ. అవి కనిపిస్తున్నంతకాలం గళ్ల గురించి ఎవరడుగుతారు?

దించడం అయిపోగానే టేపు మళ్లీ వాడకానికి సిద్ధం. పాత పెళ్లి మీద కొత్త పెళ్లి ఎక్కించేవాడు. ఈ లెక్క చూసేది అతని భార్య సరళ. టేపు వీపు మీద అంటించిన చీటీ మీద, ఒక్కో వాడకానికి ఒక్కో గీత నల్ల పెన్నుతో గీసేది. ఆరో గీత పడిన టేపును చెత్తలో వేసేది. ఆరు దాటితే గీరలు పడతాయని తిప్పేస్వామి చెప్పాడు. గీతలు గియ్యడం ఆమెకు పొద్దున్నే ముగ్గు వేసినంత అలవాటైపోయింది.

అన్ని పెళ్లిళ్లలోనూ బొమ్మ విరిగే ఘడియ ఒకటే. మేళం జోరందుకుంటుంది, పెళ్లికొడుకు తాళి ఎత్తుతాడు, మూడు నాలుగు వందల చేతులు ఒక్కసారి లేచి అక్షింతలు విసురుతాయి. వేల గింజలు, ఒక్కోటి ఒక్కో దారిన పడతాయి. మిషను ఆ గింజల్ని పట్టుకోవడానికే తన్నుకులాడి, మనుషుల్ని వదిలేస్తుంది. వెనక నిలబడ్డవాళ్ల ముఖాలు రంగు పెంకుల్లాగా చెదిరిపోతాయి. తిప్పేస్వామి అక్కడ గులాబీరేకులు కురిపించి కప్పేసేవాడు. మొదట్లో ఒకసారి ఎవరో ముసలామె ముఖం అట్లా విరగడం చూసి సరళ ఉలిక్కిపడింది. ఎవరు ఆమె అని అడిగింది. తిప్పేస్వామికి గుర్తులేదు, టేపు మీద అప్పటికే వేరే పెళ్లి ఉంది.

సరళకు ఒక్కడే తమ్ముడు, జయరాముడు. కదిరికి అవతల పక్క పల్లెలో నాలుగెకరాల మెట్ట, ఒక బోరు, పెళ్లాం, చిన్న కూతురు, తల్లి చెన్నమ్మ. పదహారేళ్ల వయసులో చెనిక్కాయ నూర్చే మిషన్లో చెయ్యి పడి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. అప్పట్నుంచి సేద్యమూ, తిండీ, అన్నీ ఎడమ చేత్తోనే. నలుగురిలోకి వచ్చినప్పుడు కుడిచేతిని తువ్వాలు కింద దాచుకునేవాడు. నోరు మాత్రం పెద్దది. మనసులో ఏదీ దాచుకోలేని మనిషి, ఆ గుణం ఎప్పుడో ఒకప్పుడు ముంచుతుందని చెన్నమ్మ వాపోతుండేది.

అతని బోరుకు అరవై అడుగుల దూరంలో ఆదెన్న బోరు. ఆదెన్నది బలమైన వర్గం, మాట పట్టింపు మనిషి. 2003 ఎండాకాలంలో ఆదెన్న తన బోరును ఇంకా రెండు వందల అడుగులు లోతుకు దింపించాడు. నెల తిరక్కుండా జయరాముడి బోరు గాలి కక్కింది. చేతికొచ్చిన టమేటా చేను కళ్లముందే మాడిపోయింది. రచ్చకట్ట దగ్గర, ఊరంతా వింటుండగా, జయరాముడు ఆదెన్న మీదికి వేలు చూపించాడు.

“నా చేను గొంతు ఎండబెట్టినావు గదా. నీ గొంతు ఎండే రోజు గూడా వస్తాదిలే,” అన్నాడు.

అందరూ విన్నారు. అట్లాంటి మాటలు కరువు సీమలో రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అన్నవాడు మర్చిపోతాడు. విన్నవాళ్లు మర్చిపోరు.

2004 మే నెలలో ముదిగుబ్బలో సుంకన్న కూతురి పెళ్లి. సుంకన్న చెన్నమ్మకు దూరపు చుట్టం, అందుకే వీడియో తిప్పేస్వామికి దక్కింది. ముహూర్తం పొద్దున ఆరు గంటల పది నిమిషాలకని శుభలేఖలో వేశారు. సరళ కొట్టు చూసుకోవాలని కదిరిలోనే ఉండిపోయింది. జయరాముడు ముందు రోజే ఒక్కడే వచ్చి, తెల్లారి తలస్నానం చేసి, పందిట్లో ఎడమ పక్క స్తంభం దగ్గర నిలబడ్డాడు. తాళి కట్టే వేళ తిప్పేస్వామి కెమెరాను జనం మీదికి తిప్పితే, అందరి మధ్యలో బామ్మర్ది కనిపించి బావను చూసి నవ్వాడు. ఆ నవ్వు కోసం తిప్పేస్వామి కెమెరాను రెండు సెకన్లు అక్కడ ఆపాడు. అక్షింతల వాన కురుస్తోంది.

సరిగ్గా ఆ వేళకే, అక్కడికి యాభై కిలోమీటర్ల అవతల, ఆదెన్న తన బోరు గుడిసెలో రక్తపు మడుగులో పడి ఉన్నాడు. అయిదున్నరకు త్రీఫేజ్ కరెంటు వచ్చిందని మోటరు వెయ్యడానికి పోయాడు. ఆరింటికి మోటరు మోత వినబడింది, కాసేపటికి ఆగిపోయింది. ఎందుకాగిందో చూద్దామని భార్య పోయేసరికి, ఆదెన్నను ఎవరో వెనక నుంచి ఇనప పైపుతో తల మీద కొట్టి ఉన్నారు. ఎవరూ ఎవర్నీ చూడలేదు. కానీ రచ్చకట్ట దగ్గరి మాట అందరికీ గుర్తుంది.

తొమ్మిదో రోజు పోలీసులు జయరాముణ్ణి పట్టుకుపోయారు. ఎడమ చేత్తో కొట్టాడని రాసుకున్నారు. ఆ పొద్దు తాను ముదిగుబ్బలో పెళ్లిలో ఉన్నానని జయరాముడు మొత్తుకున్నాడు. పోలీసులు సుంకన్నను అడిగారు. సుంకన్న ఆదెన్న వర్గం పేరు విని జంకి, పెళ్లికి నాలుగు వందల మంది వచ్చారు, ఎవరొచ్చిందీ ఎవరు రానిదీ తనకు గుర్తులేదన్నాడు. పక్కన నిలబడి తిన్నవాళ్లకూ గుర్తులేదు. గుర్తున్నవాడు తిప్పేస్వామి ఒక్కడే. బావమరిది కోసం బావ చెప్పే సాక్ష్యానికి ఎంత విలువుంటుందో వకీలు మొదటిరోజే చెప్పేశాడు.

“నువ్వు నోటితో చెప్పేది పక్కన పెట్టు. వీడియో తీసినావు గదా, అది చెప్పల్ల,” అన్నాడు వకీలు.

వీడియో చెప్పగలిగేదే. టేపు మీద బొమ్మతో పాటు తీసిన తారీఖూ, గంటా, నిమిషమూ కూడా కనబడకుండా రాసుకుంటుంది కెమెరా. ఒక మీట నొక్కితే తెర మీదికి వస్తాయి. ఆరు గంటల పది నిమిషాలకు జయరాముడు స్తంభం దగ్గర నిలబడి నవ్వడం, దాని కింద గంటా నిమిషం. అంతకన్నా ఏం కావాలి? తిప్పేస్వామి వకీలు దగ్గర్నుంచి కొట్టుకు దాదాపు పరిగెత్తుకొచ్చాడు. అతను బీరువా తెరిచేసరికే సరళ ఆ టేపు చేతిలో పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. చీటీ వైపు చూపించింది. అయిదు గీతలున్నాయి.

సుంకన్న కూతురి పెళ్లి నాలుగో గీత. పెళ్లయిన అయిదో రోజు, ఏదో పల్లెలో ఒక పిల్ల పెద్దమనిషైన ఫంక్షను అదే టేపు మీద ఎక్కించాడు తిప్పేస్వామి.

“నేనే గీసినా,” అంది సరళ. “మొన్న బేస్తవారం, ఈ చేత్తోనే గీసినా.”

తిప్పేస్వామి కంప్యూటర్ వేశాడు. కుదించి దించిన ఫైలు ఉంది. తాళి ఘడియ దగ్గరికి జరిపాడు. స్తంభం ఉంది, దాని పక్కన జయరాముడు వేసుకున్న పచ్చ చొక్కా రంగు ఉంది. చొక్కా పైన ముఖం ఉండాల్సిన చోట నాలుగు గళ్లున్నాయి. ఒకటి నలుపు, రెండు గోధుమ రంగు, ఒకటి రెండింటికీ మధ్య. వాటి మీదుగా అక్షింతల గింజలు తెల్లగా, గీతలు గీతలుగా జారిపోతున్నాయి. ఒక్కో బొమ్మా ముందుకీ వెనక్కీ జరిపి చూశాడు. ఆ నవ్వును అతను కళ్లారా చూశాడు. మిషను చూడలేదు. చుట్టూ ఉన్న నూరు ముఖాలదీ అదే గతి. బెంగళూరు ముసలాయన మాట అప్పుడు గుర్తొచ్చింది, కానీ గుర్తుకు రావడం వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

వకీలు వచ్చి చూసి పెదవి విరిచాడు. కంప్యూటర్ అంటే దేవుడితో సమానమనుకునే రోజులవి. “ముఖం కొంచెం తెలిసేట్టు చెయ్యరాదా?” అని అడిగాడు. అతను అడిగింది నిజంగా అమాయకంగానే అడిగాడు. లేని గింజను చెక్కలోంచి తియ్యలేనని తిప్పేస్వామి ఆ క్షణంలో చెప్పి ఉంటే కథ వేరే దారి పట్టేది. కానీ వెనక సరళ నిలబడి ఉంది. చచ్చినవాళ్లను పెళ్లికి రప్పించగలిగినవాడు, బతికినవాణ్ణి రప్పించలేనని పెళ్లాం ముందు ఎట్లా చెబుతాడు? చూస్తానన్నాడు.

మూడు రోజులు కొట్టు తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఏడాది కింద జయరాముడి కూతురికి చెవులు కుట్టించినప్పుడు తీసిన ముక్క ఒకటి, ఇంటివాళ్లది కదా అని, కుదించకుండా దాచుకున్నాడు. అందులో జయరాముడు గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద ఉంది, ఎడమచెయ్యి కిందికి వేలాడుతోంది. అతన్ని నడుము పైనుంచి కత్తిరించాడు. చొక్కాకు పచ్చరంగు ఎక్కించాడు. తెచ్చి ఆ స్తంభం పక్కన, ఆ గళ్ల మీద పరిచాడు. కింద ఉన్నదేదీ అంగుళం కూడా బయట పడకుండా జాగ్రత్తగా కప్పాడు, తల పైన మిగిలినదాన్ని స్తంభం తెలుపుతో పూసేశాడు. ఉన్నచోట ఉన్నవాణ్ణే పెడుతున్నాను, ఇందులో అబద్ధమేముంది అని తనకు తాను చెప్పుకున్నాడు. మధ్యాహ్నం కరెంటు పోయి యూపీఎస్ కీచుమంటుంటే కూడా లేవలేదు. చివర్లో అంచులు కనబడకుండా చుట్టూ కాస్త వెలుగు పూశాడు. అది ఆలోచించి చేసిన పని కాదు, చేతికి అలవాటు.

సరళను పిలిచి చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది. తమ్ముడు నవ్వుతున్నాడు. సంతోషపడుతుందనుకున్నాడు తిప్పేస్వామి. ఆమె చేతులు కొంగులో చుట్టుకుని ఒక అడుగు వెనక్కి జరిగింది.

“చచ్చిపోయినోళ్లను పెడతావు గదా, అట్ల ఉండాడు వాడు,” అంది. “తీసెయ్ ఇది. నాకు బయమైతాండాది.”

మానిటర్ వెలుగు అట్లాగే ఉంటుందని, టీవీలో వేస్తే తెలియదని తిప్పేస్వామి సర్దిచెప్పాడు. చుట్టూ ఉన్న ముఖాలకు తగ్గట్టు ఇది కూడా కాస్త మసకబారాలని మొత్తం మరొకసారి ఎంపెగ్ చేసి, సీడీకి ఎక్కించి, వకీలు చేతికిచ్చాడు. ఒరిజినల్ టేపులోంచి తీసిందే అని చెప్పాడు. సరళ ఆ రోజు నుంచి దేవుడి పటం ముందు దీపం పెట్టడం మానేసింది. ఎందుకని అడిగితే, ఏం మొక్కుకోవాలో తెలియడం లేదంది.

కేసు కోర్టుకొచ్చేసరికి మళ్లీ వేసవి వచ్చింది. కోర్టు హాల్లో జడ్జిగారి బల్ల ముందు టీవీ, సీడీ ప్లేయరు పెట్టారు. టీవీ ముఖం జడ్జి వైపుంది. బోనులో ఉన్న జయరాముడికి దాని వీపు మాత్రమే కనిపిస్తోంది. తిప్పేస్వామి సాక్షిగా నిలబడి, తాను చూసిందంతా చెప్పాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. తర్వాత సీడీ వేశారు. పచ్చ చొక్కా మనిషి స్తంభం పక్కన నవ్వాడు. జడ్జి ముందుకు వంగి చూసి, తల పంకించాడు. చెన్నమ్మ వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. హాల్లో ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు.

ప్రభుత్వం తరఫు వకీలు లేచి, అదే ముక్కను నిదానంగా మళ్లీ వెయ్యమన్నాడు. ఆయన నడివయసు మనిషి, గొంతు పెంచే రకం కాదు. మూడోసారి కూడా వేయించుకుని చూశాడు. తర్వాత తిప్పేస్వామి వైపు తిరిగాడు. ఆ తిరగడంలో కోపం లేదు, ఏదో బాధ ఉంది.

“తిప్పేస్వామీ, పోయినేడు మా అమ్మాయి పెండ్లి సీడీ నువ్వే చేసినావు. పోయిన మా నాయనను అందులో పెట్టినావు. నూరుసార్లు చూసింటా దాన్ని. అక్షింతలు అందరి మీదా పడతాయి, మా నాయన మీద ఒక్క గింజ గూడా పడదు. చచ్చిపోయినోడు గదా, పడవులే అనుకుంటి.” ఆయన టీవీ వైపు చెయ్యి చూపించాడు. “ఈ మనిషి మీద గూడా ఒక్క గింజ పడలేదే. ఎందుకప్పా?”

తిప్పేస్వామి టీవీ వైపు చూశాడు. ఎందుకో అతనికి తెలుసు. పైన పరిచిన పొర మీద గింజలు పడవు. గింజలన్నీ కింది పొరలో, ఆ కప్పేసిన గళ్ల మీద పడుతున్నాయి. ఇన్నేళ్లుగా ఎన్ని పెళ్లిళ్లలో ఎంతమంది పెద్దలను నిలబెట్టాడో, ఏ ఒక్కరి మీదా ఒక్క గింజ రాలలేదు. ఏడుస్తున్నవాళ్లు అది చూడరని అతని ధీమా. ఒకాయన ఏడుస్తూ కూడా చూశాడు.

ఆ తర్వాత అంతా కొండ మీది నుంచి రాయి దొర్లినట్టే అయింది. టేపు తెమ్మన్నారు. అయిదు గీతల టేపు వచ్చింది. మీట నొక్కితే తారీఖూ, గంటా స్పష్టంగా వచ్చాయి, పెద్దమనిషైన పిల్లకు హారతిస్తున్న ఆడవాళ్ల కింద. సుంకన్న ఇంట్లో ఉన్న సీడీ తెప్పించారు. అందులో ఆ ఘడియలో గులాబీరేకులు, వాటి వెనక గళ్లు. ముఖం ఉందా అని అడిగారు, లేదన్నాడు తిప్పేస్వామి. ఇంకేమీ అడగలేదు. లేని మనిషిని తెచ్చి పెట్టారంటే, ఆ మనిషి అక్కడ లేడనే కదా అర్థం అన్నారు. జయరాముడి వకీలు తలవంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. బోనులోంచి జయరాముడు బావ వైపు చూశాడు. టీవీలో ఏముందో, ఏం పెట్టారో, ఏం తప్పు జరిగిందో అతనికి ఇంకా అర్థం కాలేదు.

జయరాముడికి యావజ్జీవం పడింది. దొంగ సాక్ష్యం సృష్టించినందుకు తిప్పేస్వామి ఆరు నెలలు లోపలుండి వచ్చాడు. పై కోర్టుకు పోతే, ఈ వీడియో సంగతే ముందు పెట్టి, అక్కడా కొట్టేశారు. సరళ పుట్టింటికి పోలేదు, మొగుణ్ణి తిట్టలేదు. ఇంట్లో టీవీకి దుప్పటి కప్పింది. తిప్పేస్వామి బోర్డు దించేసి, అదే కొట్టులో ఫోటో ఫ్రేములు కట్టడం మొదలుపెట్టాడు. చచ్చినవాళ్లను పెళ్లికి రప్పించమని ఎవరైనా వస్తే, ఆ మిషను చెడిపోయిందని చెప్పి పంపించేవాడు. మిషను చెడలేదు. మూలన, గుడ్డ కింద అట్లాగే ఉంది.

2008లో ఒక పొద్దున చెన్నమ్మ కదిరి వచ్చింది. రెండు కళ్లకూ పొర కమ్మింది, ఆపరేషన్‌కు డాక్టరు తారీఖిచ్చాడు. కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, అల్లుణ్ణి ఒకే ఒక్కటి అడిగింది. జైలుకు పోయి చూసినప్పుడల్లా జాలీ అవతల కొడుకు తల వంచుకునే ఉంటాడట. ఆ పెళ్లిలో నవ్వుతున్నాడంట కదా, ఒక్కసారి చూపించమంది. ఇన్నేళ్లలో ఆమెకు ఎవరూ చూపించలేదు. కోర్టులో కూడా ఆమె వెనకెక్కడో కూర్చుంది.

తిప్పేస్వామి గుడ్డ తీసి కంప్యూటర్ వేశాడు. తాను చేసిన దొంగ ముక్కను ఆ తల్లికి చూపించడానికి చేతులు రాలేదు. కుదించిన పాత ఫైలు, పూలు కలపనిది, ఇంకా అందులోనే ఉంది. తాళి ఘడియ దగ్గరికి జరిపి వదిలాడు. ముఖం కనబడదత్తా, గళ్లుగా ఉంటాది అని ముందే చెప్పాడు. చెన్నమ్మ మానిటర్‌కు జానెడు దూరంలోకి మొహం పెట్టి, పొర కమ్మిన కళ్లు చిట్లించింది. మేళం మోగింది. చేతులు లేచాయి. అక్షింతలు కురిశాయి.

“ఇడిగో,” అంది చెన్నమ్మ వెంటనే, తెర మీద వేలు పెట్టి. “వీడే నా కొడుకు. అందరూ కుడిచేత్తో ఏస్తాండారు, వీడొక్కడు ఎడమ చేత్తో ఏస్తాండాడు గదా.”

తిప్పేస్వామి వంగి చూశాడు. పచ్చ చొక్కా పక్కన, పైకి లేచిన కుడి చేతుల అడవిలో, ఒక్క ఎడమ చెయ్యి నిలువునా లేచి ఉంది. అది విరగలేదు. తెల్లటి స్తంభం ముందు, గళ్లకు పైన, అక్షింతలు వదులుతూ స్పష్టంగా ఉంది. రెండో చెయ్యి ఉండాల్సిన చోట తువ్వాలు ఉంది. మూడు రోజులు కూర్చుని తాను కత్తిరించి తెచ్చిన ఆ నవ్వే మనిషిని సరిగ్గా ఆ చేతి మీదే పరిచి, పైకి మిగిలిందంతా తెల్లగా పూసేశాడు. ముఖం కోసం వెదికాడే గానీ, అతనూ చూడలేదు, ఇంకెవరినీ చూడనివ్వలేదు.

చెన్నమ్మ ఇంకొకసారి వెయ్యమంది. వేశాడు. ఇంకొకసారి అంది. లోపల్నుంచి సరళ వచ్చి తలుపు దగ్గర నిలబడింది, తెర వైపు చూసింది, తర్వాత మొగుడి వైపు చూసింది. ఆ ఎడమ చేతి మీద అక్షింతలు పడుతూనే ఉన్నాయి.